విషపు పుట్టగొడుగుల్లో మందులకు పనికొచ్చే సమ్మేళనాలు: వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న – ఓరుగల్లు విద్యార్థిని

గురువులకు, మిత్రులకు నమస్కారం. నేను ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ప్రాజెక్టుకు విషపు పుట్టగొడుగులను అంశంగా తీసుకోవాలని అనుకుంటున్నాను. తొలకరి వానలకు పుట్టల మీద లేచే పుట్టగొడుగులను మా ఇంట్లో ఏటా కూర వండుకుంటాం. అదే వారంలో పశువుల కొట్టం వెనుక, కాలేజీ పచ్చికలో లేచే పెద్ద తెల్ల గొడుగుల జోలికి మాత్రం ఎవరూ పోరు. తినే రకాల మీద పరిశోధన పత్రాలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి కాబట్టి, తినకూడని వాటిలో ఏముందో చూద్దామన్నది నా ఆలోచన.

మా గైడ్‌గారు సూచించిన పద్ధతి ఇది: పుట్టగొడుగులను ఎండబెట్టి, పొడి చేసి, మిథనాల్‌లో నానబెట్టి సారం తీయాలి, ఆ సారాన్ని క్యాన్సర్ కణాల మీద ఎంటీటీ పరీక్షకు (కణాలు బతికున్నాయో లేదో చెప్పే పరీక్ష), బ్యాక్టీరియా మీద ప్లేటు పరీక్షకు పెట్టాలి. నా సందేహం ఇక్కడే మొదలవుతోంది. విషమన్నాక అది కణాలను చంపడంలో వింతేముంది? చంపిందని చూపించినంత మాత్రాన కొత్తగా తెలిసేదేమిటి? ఇప్పటివరకు పేరు తెచ్చుకున్న సమ్మేళనాలను అసలు ఎలా కనిపెట్టారు? ప్రాణం తీసే పదార్థం మందుగా మారడం నిజంగా జరిగిందా, లేక పత్రాల చివర రాసుకునే ఆశ మాత్రమేనా? ఈ రంగంలో పనిచేసేవారు వివరంగా చెబితే నా సినాప్సిస్ రాసుకోవడానికి దారి దొరుకుతుంది.

సమాధానం – సిలికా జెల్

మీ సందేహం సరైనదే. నేను సహజోత్పత్తుల రసాయన శాస్త్రంలో పనిచేస్తాను. ఈ రంగంలో ఎక్కువ కాలం వృథా అయ్యింది సమ్మేళనాలను వేరుచేయడం చేతకాక కాదు, దేనికోసం వెతుకుతున్నామో ముందుగా తేల్చుకోకపోవడం వల్లనే. ఒక పుట్టగొడుగులో విషగుణం గల పదార్థం దొరికిందంటే, మనుషులను చంపుతున్నది అదేనని అర్థం కాదు.

అందరికీ తెలిసిన అమనైటా ఫాలాయిడిస్‌నే చూడండి. యూరప్‌లో పుట్టగొడుగుల వల్ల జరిగే మరణాల్లో అత్యధికం దాని ఖాతాలోవే. మ్యూనిక్‌లో హైన్రిక్ వీలాండ్ ప్రయోగశాలలో ఫియోడర్ లీనెన్, ఉల్రిక్ వీలాండ్ కలిసి 1937లో దానినుంచి ఫాలాయిడిన్ అనే పదార్థాన్ని స్ఫటిక రూపంలో వేరుచేశారు. (హైన్రిక్ వీలాండ్‌కు అప్పటికే రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చి పదేళ్లయింది, లీనెన్‌కు వైద్య శాస్త్రంలో నోబెల్ 1964లో వచ్చింది. అంటే సామాన్యులు చేసిన పని కాదు.) ఫాలాయిడిన్‌ను సూదితో ఎక్కించిన ఎలుకలు కొన్ని గంటల్లోనే చనిపోయాయి. పదార్థం స్వచ్ఛంగా ఉంది, విషగుణం రుజువైంది, ఇక అంతా అయిపోయిందని అనుకోవచ్చు.

అయితే ఈ పుట్టగొడుగు తిన్న మనిషి కొన్ని గంటల్లో చనిపోడు. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల వరకు అసలేమీ తెలియదు. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒక రోజుకు అవి తగ్గి మనిషి కోలుకున్నట్టే కనిపిస్తాడు. మూడు, నాలుగు రోజులకు కాలేయం దెబ్బతిన్న సంగతి బయటపడుతుంది. ఈ నిదానానికి, ఎలుకలు చనిపోయిన వేగానికి ఏమాత్రం పొంతన లేదు. 1941లో హైన్రిక్ వీలాండ్, రుడాల్ఫ్ హాలర్‌మేయర్ అదే పుట్టగొడుగు నుంచి అమానిటిన్‌ను వేరుచేశారు. అది ఎలుకలను తక్కువ మోతాదులోనే, కానీ కొన్ని రోజుల మీద చంపుతుంది. మనుషుల ప్రాణం తీస్తున్నది అదే. ఫాలాయిడిన్ పేగుల నుంచి రక్తంలోకి దాదాపు చేరదు కాబట్టి, తిన్నవారి మరణంలో దాని పాత్ర చెప్పుకోదగ్గది కాదు. సూదితో ఎక్కించిన ప్రయోగం అబద్ధం చెప్పలేదు. నోటి ద్వారా తిన్న మనిషి గురించి ఆ ప్రయోగాన్ని ఎవరూ అడగలేదు, అంతే.

అలాగని ఫాలాయిడిన్ వ్యర్థం కాలేదు. కణం లోపలి ఆక్టిన్ తంతువులను అది గట్టిగా పట్టుకుని విడిపోనివ్వదు. ఆ గుణాన్ని ఆసరాగా తీసుకుని దానికి మెరిసే రంగు అణువును అతికించి, కణాల అస్థిపంజరాన్ని సూక్ష్మదర్శినిలో చూడటానికి వాడుతున్నారు. మీ విభాగంలో కాన్ఫోకల్ సూక్ష్మదర్శిని ఉంటే ఆ సీసా ఫ్రీజర్‌లో ఇప్పటికే ఉండి ఉంటుంది. మందు కాకపోయినా, ప్రపంచంలోని కణజీవశాస్త్ర ప్రయోగశాలలన్నిటికీ నిత్యం అక్కరకొచ్చే వస్తువైంది.

ఇంతకన్నా పెద్ద పొరపాటు అమనైటా మస్కారియా విషయంలో జరిగింది. ఎర్రటి టోపీ మీద తెల్లని పొలుసులతో పిల్లల బొమ్మల పుస్తకాల్లో కనిపించే పుట్టగొడుగు అది. 1869లో ష్మీడెబర్గ్, కొప్పె దానినుంచి మస్కరిన్‌ను వేరుచేశారు. నాడీ వ్యవస్థ అధ్యయనంలో ఆ పదార్థం ఎంత ముఖ్యమైందంటే, ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాల్లో (నాడుల సందేశాన్ని అందుకునే ప్రోటీన్లలో) ఒక వర్గానికి మస్కరినిక్ అన్న పేరే స్థిరపడింది. కానీ మస్కరిన్ ఇచ్చినవారికి చెమటలు పోస్తాయి, లాలాజలం ఊరుతుంది, నాడి నెమ్మదిస్తుంది. ఆ ఎర్ర పుట్టగొడుగు తిన్నవారికి మతి తప్పుతుంది, ఏవేవో కనిపిస్తాయి, మత్తుగా నిద్ర పడుతుంది. రెండూ వేర్వేరు లక్షణాలు. ఆ పుట్టగొడుగులో మస్కరిన్ ఉన్నది సుమారు 0.0003 శాతమే. మతి తప్పించే ఇబోటెనిక్ ఆమ్లం, మస్సిమాల్ బయటపడటానికి 1960 దశకం దాకా ఆగవలసి వచ్చింది. జపాన్‌లో టకెమోటో బృందం ఈగలను చంపే గుణాన్ని పరీక్షగా పెట్టుకుని భాగాలు విడగొడుతూ పోతే ఇబోటెనిక్ ఆమ్లం దొరికింది. అదే పుట్టగొడుగును వేరే ప్రశ్న అడిగారు, వేరే జవాబు వచ్చింది.

మూడో ఉదాహరణ మీ పనికి ఇంకా దగ్గరగా ఉంటుంది. జపాన్‌లో రుస్సులా సబ్‌నైగ్రికాన్స్ అనే పుట్టగొడుగు తిన్నవారికి కండరాలు కరిగిపోయి, ఆ వ్యర్థాలు మూత్రపిండాలను దెబ్బతీసి, ప్రాణాలు పోయేవి. సారంలో విషం ఉండేది. ఆవిరి యంత్రంలో పెట్టి ద్రావణిని తీసేసి చూస్తే మాయమయ్యేది. ఎన్నో ఏళ్లు పట్టుబడలేదు. చివరికి 2009లో కీయో విశ్వవిద్యాలయం వారు ఆ గుట్టు విప్పారు. అది సైక్లోప్రోప్-2-ఈన్ కార్బాక్సిలిక్ ఆమ్లం. నాలుగే కర్బన పరమాణువులున్న అతి చిన్న అణువు. పలచగా ఉన్నంతసేపు నిలకడగా ఉంటుంది, చిక్కబరిస్తే అణువులు ఒకదానితో ఒకటి కలిసిపోయి విషగుణం పోతుంది. అందుకే ఆ బృందం దాన్ని ఎన్నడూ పూర్తిగా ఆరనివ్వకుండా శుద్ధి చేసింది. ప్రతి దశలోనూ ఎలుకలకు నోటి ద్వారానే ఇచ్చి, రక్తంలో క్రియాటిన్ కైనేజ్ (కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎంజైమ్) పెరిగిందా లేదా అని కూడా చూసింది. మనుషుల్లో కనిపించిన లక్షణమే పరీక్ష అయింది కాబట్టి అసలు విషం దొరికింది.

ఇప్పుడు మీ గైడ్‌గారి పద్ధతికి వద్దాం. మిథనాల్ సారం, ఎంటీటీ పరీక్ష అన్నవి మొదటి మెట్టుగా తప్పు కాదు. కానీ ముడి సారం ఒక మిల్లీలీటరుకు ఇన్ని వందల మైక్రోగ్రాముల దగ్గర కణాలను చంపిందని రాసి ఆపేసిన పత్రాలు ఇప్పటికే కొల్లలు. ఆ మోతాదులో మన వంటింటి మసాలాల సారాలు కూడా చాలావరకు చంపుతాయి. అందులో దేనివల్ల చంపింది, ఏ మార్గంలో చంపింది, మామూలు కణాలను వదిలి వీటినే ఎందుకు చంపింది అన్న మూడు ప్రశ్నల్లో ఒక్కదానికైనా జవాబు వచ్చేలా ప్రయోగాన్ని కట్టుకోండి.

సమాధానం – వార్డు డ్యూటీ

వైద్యుడిగా రెండు ముక్కలు. పై మిత్రులు చెప్పిన కాలక్రమమే మాకు ఆసుపత్రిలో మొదటి ఆధారం. తిన్న గంట, రెండు గంటల్లో వాంతులు మొదలైతే చాలావరకు కడుపు, పేగుల వరకే పోయే విషమని ఊహిస్తాం. ఆరు గంటలు దాటాక మొదలైతే కాలేయం గురించి వెంటనే భయపడతాం. (రెండు మూడు రకాలు కలిపి వండితే ఈ లెక్క తప్పుతుంది కాబట్టి, త్వరగా మొదలైందని ధీమాగా ఉండటానికి లేదు.) అమానిటిన్ ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు. కిలో శరీర బరువుకు సుమారు 0.1 మిల్లీగ్రాము ప్రాణాంతకం. ఒక మోస్తరు పుట్టగొడుగులో పెద్దవారిని చంపేంత ఉండవచ్చు. అస్సాం తేయాకు తోటల కుటుంబాల్లో వేసవి మొదలయ్యే వేళ ఇటువంటి మరణాలు ఏళ్ల తరబడి జరుగుతూనే ఉన్నాయి.

నిర్దిష్టమైన విరుగుడు ఇప్పటికీ లేదు. సిలిబినిన్ అనే మందు కాలేయ కణాల్లోకి విషం చేరకుండా కొంత అడ్డుకుంటుంది. చేయి దాటిపోతే కాలేయ మార్పిడి తప్ప గత్యంతరం ఉండదు. 2023లో చైనాలోని సన్ యాట్-సెన్ విశ్వవిద్యాలయం వారు, మానవ కణాల్లో జన్యువులను క్రిస్పర్ పద్ధతిలో ఒక్కొక్కటిగా పనిచేయకుండా చేసి చూసి, ఎస్‌టీటీ3బీ అనే ఎంజైమ్ లేని కణాలు అమానిటిన్‌ను తట్టుకుంటున్నాయని గుర్తించారు. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే పదార్థాల కోసం వెతికితే ఇండోసయనిన్ గ్రీన్ తేలింది. కంటి పరీక్షల్లోనూ, కాలేయ పరీక్షల్లోనూ ఏళ్లుగా వాడుతున్న రంగే అది. ఎలుకల్లో విషం ఎక్కించాక త్వరగా ఇచ్చినప్పుడు మేలు కనిపించింది. మనుషుల్లో ఇంకా తేలవలసి ఉంది. విషం మీద పరిశోధన అంటే మందు వెతకడమే కాదు, విరుగుడు వెతకడం కూడా అని చెప్పడానికే ఇది ప్రస్తావించాను.

ప్రాజెక్టు పేరుతో ఎవరూ దేన్నీ రుచి చూడవద్దు. పొడి చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు. హుడ్ లోపల, చేతి తొడుగులతో చేయండి. ఆ మిక్సీ జార్‌ను మళ్లీ హాస్టల్ గదికి తీసుకెళ్లవద్దు.

సమాధానం – పాలిమరేజ్

అమానిటిన్ ఏం చేస్తుందో చెప్పకపోతే ఈ చర్చలో పెద్ద లోటే. 1969లో రోడర్, రటర్ జంతుకణాల్లో ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌లు (జన్యువులను చదివే ఎంజైమ్‌లు) ఒకటి కాదు, మూడు ఉన్నాయని చూపించారు. ఏ జన్యువును ఏది చదువుతోందో విడదీసి చెప్పే సాధనం కావలసి వచ్చింది. అతి కొద్ది అమానిటిన్ వేస్తే రెండో పాలిమరేజ్ ఒక్కటే ఆగిపోతుందని 1970 నాటికి తేలడంతో, ఆ విషమే ఆ సాధనం అయింది. ప్రోటీన్లకు సంబంధించిన జన్యువులను చదివే యంత్రం అదే కాబట్టి, అది ఆగితే కణానికి కొత్త ప్రోటీన్లు తయారుచేసుకునే వీలుండదు. ఉన్న సరుకు అయిపోయేదాకా కణం బతుకుతుంది. ఆలస్యంగా చావడానికి కారణం అదే. 2002లో కోర్న్‌బర్గ్ బృందం అమానిటిన్, రెండో పాలిమరేజ్ అతుక్కుని ఉన్న స్ఫటిక నిర్మాణాన్ని ప్రకటించింది. అందులో అమానిటిన్ పాలిమరేజ్ కదలికకు అవసరమైన వంతెన వంటి భాగం పక్కన చేరి, దాన్ని వంగనివ్వకుండా పట్టుకుని కనిపిస్తుంది. కోర్న్‌బర్గ్‌కు 2006లో నోబెల్ వచ్చింది. అంటే మందుగా మారకముందే ఈ విషం జీవశాస్త్రంలో ఒక అధ్యాయం రాయించింది.

ఇక కనిపెట్టే పద్ధతి గురించి సిలికా జెల్‌గారితో నాకు కొంత భేదాభిప్రాయం ఉంది. ఆయన చెప్పిన కథలన్నీ సారం తీసి, విడగొట్టి, మళ్లీ పరీక్షించిన కథలు. ఈ రోజుల్లో జన్యువు వైపు నుంచి కూడా రావచ్చు. అమానిటిన్ ఎనిమిది అమైనో ఆమ్లాల వలయం. ఫాలాయిడిన్ ఏడింటి వలయం. ఇటువంటి చిన్న వలయాలను శిలీంధ్రాలు ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌తో పని లేకుండా పెద్ద ఎంజైమ్‌ల మీద అల్లుతాయని అందరూ అనుకునేవారు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ వాల్టన్ బృందం అమనైటా బైస్పోరిజెరా జన్యువుల వరుసల్లో ఆ పెద్ద ఎంజైమ్ కోసం వెతికితే దొరకలేదు. అమానిటిన్‌లోని ఎనిమిది అక్షరాల వరుసే మామూలు జన్యువులో రాసి ఉండటం కనిపించింది. 2007లో ప్రకటించిన ఆ పత్రం ప్రకారం ముందుగా 35 అమైనో ఆమ్లాల గొలుసు మామూలు ప్రోటీన్‌లాగే తయారవుతుంది, దాని మధ్య నుంచి ఎనిమిదింటిని శిలీంధ్రం కత్తిరించి వలయంగా కలుపుతుంది. ఆ గొలుసులన్నీ దాదాపు ఒకే అయిదు అమైనో ఆమ్లాలతో మొదలవుతాయి కాబట్టి, ఎమ్‌ఎస్‌డీఐఎన్ అనే ఆ అయిదక్షరాల తలకట్టును పట్టుకుని కొత్త జాతుల జన్యువుల్లో ఇంతవరకు ఎవరూ చూడని వలయ పెప్టైడ్‌లను ముందుగానే ఊహించవచ్చు. ముందు కంప్యూటర్‌లో కనిపిస్తుంది, తర్వాత ఎల్‌సీ-ఎంఎస్‌లో (అణువులను విడదీసి తూచే యంత్రంలో) ఆ బరువు కోసం చూస్తారు. బస్తాలకొద్దీ పుట్టగొడుగులు ఏరవలసిన పని ఉండదు.

ఒక చిక్కుంది. అమనైటాలు చెట్ల వేళ్లతో కలిసి బతికేవి, ప్రయోగశాలలో గాజు పళ్లెం మీద సరిగా పెరగవు. అదే విషాన్ని తయారుచేసే గలెరినా మార్జినాటా మాత్రం కుళ్లిన కలప మీద బతుకుతుంది. సీసాలో పెంచినా విషం చేస్తుంది. వాల్టన్ బృందం వలయం కలిపే ఎంజైమ్‌ను గలెరినాలో అధ్యయనం చేయడానికి అదొక ముఖ్య కారణం. మీరు జాతిని ఎంచుకునేటప్పుడు అది ఎంత విషపూరితమో కాక, కల్చర్‌లో పెరుగుతుందా లేదా అన్నది ముందుగా చూసుకోవాలి. వానలు పోతే నమూనా దొరకదు, మీ సెమిస్టర్ వానల కోసం ఆగదు.

మందు సంగతి. జర్మనీలోని హైడెల్‌బర్గ్ ఫార్మా అనే సంస్థ సంశ్లేషిత అమానిటిన్‌ను ప్రతిరక్షకానికి అతికించి, మల్టిపుల్ మైలోమా కణాల మీద ఉండే బీసీఎంఏ ప్రోటీన్‌కు గురిపెట్టింది. హెచ్‌డీపీ-101 అని పిలిచే ఆ మందును రోగులకు ఇవ్వడం 2022లో మొదలైంది. కణం లోపలికి వెళ్లాకే బంధం తెగి విషం విడుదల కావాలన్నది దాని పన్నాగం. క్యాన్సర్ మందులు చాలావరకు విభజన జరుపుకునే కణాలనే దెబ్బతీస్తాయి. పాలిమరేజ్‌ను ఆపేది నిద్రాణంగా ఉన్న కణాన్ని కూడా వదలదు. ఇంకో విశేషం 2015లో బయటపడింది. చాలా కణితుల్లో 17వ క్రోమోజోమ్ పొట్టి చేతిలో కణితులను అడ్డుకునే పీ53 జన్యువున్న ముక్క ఒక ప్రతిలో పోతుంది. పక్కనే ఉన్న రెండో పాలిమరేజ్ జన్యువు కూడా దానితోపాటే పోతుంది. సగం యంత్రాలతో నెట్టుకొస్తున్న అటువంటి కణం, మామూలు కణం తట్టుకోగల కొద్దిపాటి అమానిటిన్‌కే కూలిపోతుంది. ఎవరికి ఇవ్వాలో ముందే చెప్పగలిగే అవకాశం ఇటువంటి మందుల్లో అరుదు.

సమాధానం – మూడో దశ

క్యాన్సర్ మందుల అభివృద్ధిలో ఉన్నవాడిగా కొంచెం నీళ్లు చల్లక తప్పదు. ఇల్యుడిన్ కథ కూడా తెలుసుకోండి. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో మార్జొరీ ఆంకెల్, ఆనెట్ హెర్వీ, విలియం రాబిన్స్ పుట్టగొడుగుల్లో యాంటీబయాటిక్‌ల కోసం వెతుకుతూ 1950లో ఇల్యుడిన్‌లను ప్రకటించారు. రాత్రిపూట చీకట్లో వెలిగే నారింజ రంగు ఓంఫలోటస్‌లోని విషం అది. అప్పటి లక్ష్యం బ్యాక్టీరియా. యాంటీబయాటిక్‌గా అది పనికి రాలేదు, ఎందుకంటే మన కణాలనూ విచక్షణ లేకుండా చంపుతుంది.

దశాబ్దాల తర్వాత కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో మెక్‌మోరిస్, కెల్నర్ ఆ అణువును రసాయనికంగా కొద్దిగా మార్చి ఇరోఫుల్వెన్‌ను తయారుచేశారు. ఇల్యుడిన్‌ల వల్ల డీఎన్‌ఏకు తగిలే గాయాన్ని, జన్యువును చదివేటప్పుడు జరిగే మరమ్మతు విభాగం మాత్రమే సరిచేయగలదు. ఆ మరమ్మతు లోపించిన కణితుల మీద అది బాగా పనిచేయాలి. ఆలోచన చక్కనిదే. ఇరోఫుల్వెన్ క్లోమగ్రంథి క్యాన్సర్‌లో రోగులపై ప్రయోగాల్లో మూడో దశ దాకా వెళ్లింది, 2002లో ఆ ప్రయోగాన్ని ఆపేశారు. వాంతులు, రక్తకణాలు తగ్గిపోవడం, కొందరికి చూపు దెబ్బతినడం వంటి ఇబ్బందులు వెంటాడాయి. ఏ రోగిలో ఆ మరమ్మతు లోపించిందో పరీక్షించి ఎంచుకునే ఏర్పాటు అప్పట్లో లేదు. ఇప్పుడు అదే కుటుంబపు అణువులను జన్యు పరీక్షలతో కలిపి మళ్లీ ప్రయత్నిస్తున్నారు.

పుట్టగొడుగు నుంచి మందు దాకా దారి ఉంది, కానీ ఆ దారిలో అణువు దొరకడం మొదటి మైలురాయి మాత్రమే. మీ సినాప్సిస్‌లో "ఈ సారం భవిష్యత్తులో క్యాన్సర్ ఔషధం కాగలదు" అన్న వాక్యం రాయకండి. పరీక్షకుడు నాలాంటివాడైతే మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది.

ఓరుగల్లు విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. జన్యు వరుసలు చదివించే స్తోమత మా విభాగానికి లేదు. ఎలుకల మీద ప్రయోగానికి అనుమతి తెచ్చుకునేంత వ్యవధి కూడా లేదు. మా కాలేజీ పచ్చికలో లేచేవి అరచేతికన్నా పెద్ద టోపీతో, పైన గోధుమరంగు పొలుసులతో, కాడకు ఉంగరంతో ఉంటాయి. లేతవాటి కింది రెక్కలు తెల్లగా ఉన్నాయి, ముదిరినవాటివి బూడిదరంగు కలిసిన ఆకుపచ్చగా మారాయి. ఇది అమనైటానేనా? దీనితో చేయదగ్గ పని ఏమైనా ఉందా?

సమాధానం – తొలకరి

శిలీంధ్ర శాస్త్రం బోధిస్తాను కాబట్టి ఈ ప్రశ్న నాది. మీ వర్ణనను బట్టి అది అమనైటా కాదు, క్లోరోఫిల్లం మోలిబ్డైట్స్ అయి ఉండాలి. మన పచ్చికల్లో వానాకాలంలో సర్వసాధారణం. ఫొటో చూసి ఎవరు ఏం చెప్పినా నమ్మకండి, బీజాల ముద్ర తీయండి. ముదిరిన టోపీని కాడ నుంచి వేరుచేసి, సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం అతికించిన అట్ట మీద రెక్కలు కిందికి వచ్చేలా బోర్లించి, గాజు గిన్నె మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లవారి టోపీ ఎత్తితే రెక్కల మధ్య సందులు గీతలు గీతలుగా కాగితం మీద పడి ఉంటాయి. పొడి ఆకుపచ్చగా ఉంటే మీ అనుమానం తీరినట్టే. అమనైటా ముద్ర తెల్లగా పడుతుంది, అప్పుడు ఆకుపచ్చ జాడ కూడా ఉండదు. ఆ తర్వాత ఐటీఎస్ భాగాన్ని (శిలీంధ్ర జాతిని గుర్తించడానికి చూసే డీఎన్‌ఏ ముక్కను) చదివించి నిర్ధారించుకోవాలి. ఒక్క నమూనాకు బయట చదివించడం పెద్ద ఖర్చు కాదు.

అమానిటిన్ ఉందేమోనన్న భయం ఉంటే మైక్స్‌నర్ పరీక్ష ఉంది. చౌకరకం వార్తాపత్రిక అంచు మీద పుట్టగొడుగు రసం ఒక బొట్టు పిండి, పెన్సిల్‌తో చుట్టూ గీత గీసి, ఎండ తగలకుండా ఆరనిచ్చి, హుడ్ లోపల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే, అమానిటిన్ ఉన్నచోట కొన్ని నిమిషాల్లో నీలిరంగు వస్తుంది. కాగితంలోని లిగ్నిన్ ఈ చర్యలో పాల్గొంటుంది కాబట్టి ఖరీదైన తెల్ల కాగితం మీద పనిచేయదు. పక్కన ఒట్టి కాగితం మీద కూడా ఆమ్లం వేసి పోల్చుకోండి. మరికొన్ని పదార్థాలకు కూడా ఈ రంగు వస్తుంది. తినవచ్చా లేదా అని తేల్చుకోవడానికి ఈ పరీక్షను వాడరాదు. ప్రయోగశాలలో ప్రాథమిక సూచన కోసమే.

ఇక చేయదగ్గ పని. క్లోరోఫిల్లం తిన్నవారికి కొన్ని గంటల్లోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పచ్చిగా, సగం ఉడికించి తిన్నవారిలో బాధ ఎక్కువ. అంటే వేడికి చెడిపోయే పదార్థం ఒకటి ఉండవచ్చని లక్షణాలే చెబుతున్నాయి. సిలికా జెల్‌గారు చెప్పిన రుస్సులా విషాన్ని పట్టుకున్న కీయో బృందమే 2012లో ఈ పుట్టగొడుగు నుంచి మోలిబ్డోఫిల్లైసిన్ అనే ఎంజైమ్‌ను వేరుచేసింది. అది ప్రోటీన్లను నరికే మెటలో ఎండోపెప్టిడేజ్ (లోహం సాయంతో పనిచేసే ఎంజైమ్); ఎలుకలకు ప్రాణాంతకం. ఇప్పుడు మీ గైడ్‌గారి పద్ధతిని దీనికి వర్తింపజేసి చూడండి: ఎండలో ఎండబెట్టి, మిథనాల్‌లో నానబెడితే ఈ ఎంజైమ్ మొదటి మెట్టులోనే చెడిపోతుంది. మీ సారంలో ఇంకేవేవో ఉంటాయి, అసలుది మాత్రం వడపోత కాగితం మీద మిగిలిన పిప్పితోపాటు చెత్తబుట్టలోకి పోతుంది.

అందుకని తాజా పుట్టగొడుగును మంచు మీద ఉంచి, చల్లని బఫర్‌లో నూరి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటను తీసుకోండి. పాల పొడి లేదా కేసీన్ కలిపిన అగార్ పళ్లెంలో గుంటలు చేసి అందులో పోస్తే, ప్రోటీన్‌ను నరికే గుణం ఉన్నచోట తేటవలయం కనిపిస్తుంది. అదే సారాన్ని ఒకసారి మరిగించి, ఒకసారి లోహాన్ని పట్టేసుకునే ఈడీటీఏ కలిపి, ఇంకోసారి సెరిన్ ప్రోటియేజ్‌లను ఆపే పీఎమ్‌ఎస్‌ఎఫ్ కలిపి పక్కపక్కన పోయండి. మరిగిస్తే పోయి, ఈడీటీఏతో పోయి, పీఎమ్‌ఎస్‌ఎఫ్‌తో పోకుండా ఉంటే మెటలో ప్రోటియేజ్ అని ధైర్యంగా రాయవచ్చు. తర్వాత కేసీన్ కలిపిన జెల్ మీద జైమోగ్రామ్ (ఎంజైమ్ పనిచేసిన చోట తేట పట్టీ చూపే పరీక్ష) తీస్తే దాని బరువు కూడా తెలుస్తుంది. తినే పుట్ట పుట్టగొడుగుతో, బజారులో దొరికే బటన్ పుట్టగొడుగుతో పోల్చడం మరవకండి. తినేవాటిలో కూడా ప్రోటియేజ్‌లు ఉంటాయి కాబట్టి, తేడా మోతాదులోనా, రకంలోనా అన్నదే మీ ప్రాజెక్టులో అసలు ప్రశ్న అవుతుంది.

సమాధానం – సిలికా జెల్

తొలకరిగారి సూచన నాకు పూర్తిగా సమ్మతమే. ఒక్కటే చేర్పు: మిథనాల్ సారాన్ని వదిలేయకండి, రెండూ సమాంతరంగా చేయండి. చల్లని నీటి సారం విషగుణం వైపు, మిథనాల్ సారం చిన్న అణువుల వైపు చూపిస్తాయి. ఒకే నమూనాను రెండు విధాలుగా చూశామని రాయగలిగితే మీ గైడ్‌గారి మాటా నెరవేరుతుంది, మీ ప్రశ్నా నిలుస్తుంది. పాలిమరేజ్‌గారి జన్యు మార్గాన్ని నేను కాదనడం లేదు, కానీ జన్యువులో కనిపించినదంతా పుట్టగొడుగులో తయారవుతుందన్న హామీ లేదు కాబట్టి చివరికి అణువులను విడగొట్టే కాలమ్ దగ్గరకు రావలసిందే.

సమాధానం – తొలకరి

ఏరిన ప్రతి నమూనాలో కనీసం ఒక పుట్టగొడుగును కాడ అడుగు భాగంతో సహా తవ్వి, ఆరబెట్టి, తేదీ, చోటు, బీజాల ముద్ర జతచేసి దాచండి. కల్చర్ వేరుచేయగలిగితే పుణెలోని అగార్కర్ పరిశోధన సంస్థలో ఉన్న జాతీయ శిలీంధ్ర కల్చర్ భాండాగారానికి పంపి సంఖ్య తెచ్చుకోండి. పత్రం ప్రచురించేటప్పుడు ఆ సంఖ్య అడుగుతారు. విదేశీ సంస్థకు నమూనా గానీ సారం గానీ పంపవలసి వస్తే మాత్రం ముందుగా 2002 జీవవైవిధ్య చట్టం కింద అనుమతి అవసరమవుతుంది, ఆ కాగితాలు మీ విభాగాధిపతి ద్వారానే కదిలించండి. వానలు జోరుగా ఉన్నప్పుడే తాజా సారం తీసి, చిన్న చిన్న గొట్టాల్లో పంచి మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, మిగతా పనంతా తీరిగ్గా చలికాలంలో చేసుకోవచ్చు.